మంచం మీద మూడు కుప్పలు

గోడ గడియారం మూడూ అయిదు చూపిస్తోంది. నాలుగింటికి కొనేవాడు వస్తాడు, ఆలోపు నేను తేల్చాలి. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి మా మనవరాలు మూడు కుప్పలు పోసి వెళ్ళింది. తలగడ వైపు ఉంచుకునేవి, కాళ్ళ వైపు అమ్మేసేవి, నడుమ ఉన్నవేమో ఇచ్చేసి ఆ డబ్బుతో తేలికవి తెచ్చుకునేవి. నడుమ కుప్పే పెద్దది. పెద్ద కెమెరా, దాని మోచేయంత లెన్సు, రెండు ఫ్లాషులు, మూడు కాళ్ళ స్టాండు, ఎన్ని అరలున్నాయో దానికే తెలియని సంచీ. ‘అమ్మమ్మా, సగం తాతయ్యవి, సగం నావి, నాకు చేతులు రావట్లేదు, నువ్వే తేల్చు’ అంది. తేల్చు అంటే తేలిపోతాయా, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటే దాని బెల్టుకి ఒక కాలమంతా వేలాడుతోంది. కొట్లో తేలిక కెమెరా చూసి వస్తానని మెడకి గుడ్డ చుట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, తాళంచెవి నా గుప్పిట్లో పెట్టి గుప్పిట మూసి, తను బయటికెళ్ళాక జాలీ తలుపుకి లోపలినుంచి తాళం వేయించింది. నా చిన్నప్పుడు మా అమ్మ చిల్లర పెట్టి అలాగే గుప్పిట మూసేది, పడేసుకుంటానని. ఇంత ఎండలో మెడకి గుడ్డ దేనికే అని అడగలేదు నేను. గుడ్డ కింద కెమెరా బెల్టు వెడల్పున ఎర్రటి వాత ఉంది, నాలుగు రోజులైనా మానలేదు.

బరువుంటేనే చెయ్యి కదలదు, చెయ్యి కదలకపోతేనే బొమ్మ నిలుస్తుంది అని మా ఆయన అనేవారు, అదే మాట దానికి గుర్తు చేశాను. ‘బరువు మోసేవాళ్ళని పట్టుకోవడం తేలిక అమ్మమ్మా’ అంది. నవ్వుతూనే అంది. పెద్ద లెన్సుని చేతిలోకి తీసుకున్నాను, పసిపిల్లంత ఉంది, మూత తీస్తే కిటికీ అంతా తలకిందులుగా అందులో కూర్చుంది. ఈ అద్దంలోంచే కదా నాలుగు రోజుల కిందట మా పిల్ల చూసింది. పెళ్ళి ఫొటోల పని ముగించుకుని తెల్లవారి వస్తోందట, ఆరు గంటలకి, బట్టలు కుట్టే గోదాములోంచి పొగ. అందరూ పొగనే తీశారు. ఇది మాత్రం అవతలి రోడ్డు మీద నిలబడి ఈ పొడుగు లెన్సుతో తలుపుని తీసింది. గడియకి బయటినుంచి తాళం, తాళం పైన సన్నటి కిటికీలో వేళ్ళు. పదకొండు మంది ఆడవాళ్ళు లోపలే పోయారు. మర్నాడు గోదాము యజమాని తాళమే లేదన్నాడు, తలుపు వేడికి బిగుసుకుపోయిందన్నాడు, గడియ కూడా మాయమైంది. తాళం ఉందని చెప్పే బొమ్మ లోకంలో ఇదొక్కటే, అది రేపు పది గంటలకి విచారణలో ఈ పిల్ల చేత్తోనే ఇవ్వాలి, కాపీ చెల్లదట, కెమెరాలో బొమ్మ పడిన అసలు కార్డే కావాలట. ఆ పొద్దున వెనకనుంచి ఎవరో బెల్టు పట్టి లాగారు. ఈ బరువుతో పరిగెత్తలేకపోయింది. నేను దబ్బనంతో కుట్టిన కుట్టు తెగబట్టి బతికింది. నా కుట్టు ఎప్పుడూ తెగదని గొప్పలు పోయేదాన్ని, తెగినందుకు ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

రెప్ప అని పేరు పెట్టారు మనవరాలికి మా ఆయన. నెలల పిల్లప్పుడు ఎన్నిసార్లు ఫ్లాషు వేసినా సరిగ్గా అప్పుడే కళ్ళు మూసేది, ‘మూసిందే నీ మనవరాలు రెప్ప, ఇంకో ఫ్రేము పోయింది’ అని విసుక్కునేవారు, విసుగు ముద్దైంది, ముద్దు పేరైంది. దాని తల్లికి ఆసుపత్రిలో పగలూ రాత్రీ డ్యూటీలు, పిల్ల మా స్టూడియోలోనే పెరిగింది, కుర్చీ కింద, నల్ల తెర వెనక, నా కాళ్ళలో. స్టూడియో అంటే ఎంతనుకున్నారు, ముందు గది ఒకటి, వెనక మంచం పట్టనంత చీకటిగది ఒకటి. ఫొటో కాగితాలు మందుల్లో కడిగే పని నాది. చదువు నాలుగో తరగతితో ఆగిపోయినా చీకట్లో నా వేళ్ళు చదివినంత ఎవరూ చదవలేదు, పొడి కాగితం, తడి కాగితం, వేళ్ళకి జారుడుగా తగిలే మందు, వాసన లేని మందు. కాగితం బయట ఉండగా ఎవరైనా తెర ఎత్తితే వెలుగు పడి పనంతా బూడిదే. అందుకని అడుగుల చప్పుడు వినపడగానే లోపలినుంచి ఒకటే మాట అరిచేవాళ్ళం, ‘వెలుగు!’ అని. ఆ మాట వింటే ఎవరైనా సరే, చేతిలో అన్నం పళ్ళెమున్నా సరే, ఉన్నచోటే రాయైపోవాలి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఎందుకని అడగకూడదు. లోకానికి వెలుగంటే మంచి మాట, మా ఇంట్లో మాత్రం ప్రమాదం. రెప్పకి మూడేళ్ళు, అడ్డు కట్టినా ఆగని పిల్ల, ఆ ఒక్క మాటకి ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని కొంగలా నిలబడేది. దాని అమ్మ కొట్టినా వినేది కాదు, ‘వెలుగు’ అంటే వినేది. ఒకసారి వీధిలో కుక్క మీదికొస్తుంటే నాకు ఇంకేం తోచక అదే అరిచాను, నిలబడిపోయింది, కుక్క దాని మానాన పోయింది.

మూడూ ఇరవై. కిటికీ కిందికి చూశాను. ఎదురు దర్జీకొట్టు ముందు ఒక మోటారుబండి ఉంది, దాని మీద ఒకడు హెల్మెట్టు తీయకుండా కూర్చున్నాడు. ఇందాక బియ్యం ఏరడానికి కూర్చున్నప్పుడూ ఉన్నాడు. దర్జీ దగ్గర బట్టలకోసం ఎదురుచూసేవాడు ఎవడైనా హెల్మెట్టు తీసి తల గోక్కుంటాడు, దర్జీని నాలుగు తిడతాడు. వీడు ఉక్కబోతలో ఆ డిప్పలోనే ఉడుకుతున్నాడు. సరేలే, నాకెందుకు, కుప్పలు తేల్చు ముందు. స్టాండు అమ్మేసేవాటిలోకి. మోకాళ్ళు అరిగిన స్టాండు, నాలాగే, దాన్ని నిలబెట్టేలోపు పెళ్ళికూతురు అత్తారింటికి పోతుంది. ఫ్లాషులు ఒకటి ఉంచి ఒకటి ఇచ్చెయ్యాలి. ఆయన చిన్న రీలు కెమెరా మాత్రం తలగడ పక్కనే, దాని జోలికి నేను పోను, రెప్పా పోదు. పదకొండేళ్ళుగా అందులో రీలు అలాగే ఉంది, లెక్క చూపే చిన్న కిటికీలో ముప్పై అయిదు మీద ముల్లు ఆగిపోయి ఉంది. ప్రతి రీల్లో ముప్పై ఆరో బొమ్మ ఇంటిదని ఆయన నియమం, గిరాకీలకి ముప్పై అయిదే, ఆఖరిది ఇంట్లో ఎదురుగా ఎవరుంటే వాళ్ళది, గిన్నెలు తోముతున్న నేను, తుమ్ముతున్న రెప్ప. ఆ రోజు ముప్పై అయిదూ అయ్యాయి, సాయంత్రం రెప్ప బడినుంచి వచ్చాక తీస్తానన్నారు. ఆ సాయంత్రం ఆయనకి రాలేదు. అది తీసేస్తే రీలు అయిపోతుంది, కడగాలి, ఆయన చూసిన ఆఖరి చూపులన్నీ ఒక్క గంటలో చూసేస్తాను, ఆ తర్వాతేముంటుంది నాకు. అందుకే ఎప్పుడు మీట మీద వేలు పెట్టినా తీసేశాను.

పొద్దున ఫోన్ వచ్చినప్పుడు రెప్ప స్నానంలో ఉంది, నేనే ఎత్తాను. ‘కెమెరా అమ్ముతున్నారట కదా బామ్మగారూ’ అన్నాడు, గొంతు మెత్తగా ఉంది. కెమెరా కొనేవాళ్ళని నేను యాభై ఏళ్ళుగా ఎరుగుదును. ఎంత నంగనాచి అయినా మొదట అడిగేది ఎన్ని క్లిక్కులు తిరిగిందని, రెండోది అద్దంలో బూజు పట్టిందా అని, మూడోది ఎందుకు అమ్ముతున్నారని, నాలుగోది బేరం. వీడు అవేమీ అడగలేదు. ‘ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చెయ్యండి బామ్మగారూ, లోపలేమీ తుడవొద్దు, కార్డు ఉంటే కార్డుతో సహా’ అన్నాడు. కొత్త పిల్లాడు కాబోలు, తెలియక అడుగుతున్నాడనుకుని నాకు జాలి కూడా వేసింది చూడండి. ‘కిందికి తెచ్చిపెడతాలే నాయనా’ అన్నాను. ‘వద్దొద్దు, మూడంతస్తులు మీరేం దిగుతారు, నేనే వస్తాను, నాలుగింటికి’ అన్నాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి చేతిలో లెన్సుని మంచం మీద దించేశాను. ప్రకటనలో రెప్ప ఫోన్ నంబరే వేసింది, ఇల్లు ఎక్కడో వెయ్యలేదు. నేను చెప్పలేదు. మూడంతస్తులని చెప్పలేదు. బామ్మనని కూడా చెప్పలేదు, గొంతు విని అన్నాడనుకో, మెట్లు కూడా గొంతులో వినపడ్డాయా? నాలుగు రోజులుగా మోగి ఆగిపోయే ఫోన్లు, మొన్న దాని స్కూటరు చక్రం కోసేసి ఉండటం, ఒక్కొక్కటీ విడిగా ఉంటే ఏమీ కాదు. చీకటిగదిలో మందులో వేసిన కాగితం మీద మొదట మచ్చ, తర్వాత ఇంకో మచ్చ, మచ్చలన్నీ కలిసి ఉన్నట్టుండి ఎవరిదో ముఖమై మన వైపు చూస్తుంది. అలా చూసింది నా వైపు.

రెప్పకి ఫోన్ చేశాను. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. కార్డు దాని దగ్గరే ఉంది, ఒంటిమీద నుంచి తీయడం లేదు, నిద్రలో కూడా పిడికిలి బిగించుకుని పడుకుంటోంది, అసలు పడుకుంటే కదా. ఈ విచారణ చూసే వకీలు రేపటిదాకా ఊళ్ళో లేడు. దాన్ని దారిలో ఆపితే? ఆపి సంచీ లాక్కుంటే? సంచీ పోతే పోనీ, నా పిల్ల మెడ మీద ఇంకో వాత పడితే? కాళ్ళు లేచి నిలబడ్డాయి, నేను ఇంకా కూర్చునే ఉన్నాను. చేతులకేదో పని కావాలి. పెద్ద కెమెరా తీసుకుని కళ్ళు మూసుకున్నాను, అమ్మే ముందు కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతకడం మాకు మొదటినుంచీ ఉన్న పని. దాని వెనక ఒక తలవంపు ఉంది. ఒకప్పుడు పాత కెమెరా ఒకటి అమ్మేశాం, కొన్నవాడు ఊరు దాటాక గుర్తొచ్చింది, అందులో ఒక పెళ్ళివాళ్ళ రీలు ఉండిపోయిందని. పెళ్ళికొడుకు తండ్రి మా గుమ్మంలో నిలబడి తిట్టిన తిట్లతో పుస్తకం వెయ్యొచ్చు. ‘మంత్రాలు మళ్ళీ చదివించగలం, మీసాలు మళ్ళీ పెంచగలం, ఆ పూట వచ్చిన మా మేనత్తని ఎలా తెచ్చేది, ఆవిడ పోయింది కదయ్యా!’ అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆయన చీకటిగదిలో దూరి ‘వెలుగు’ అని అరిచారు, అప్పుడు లోపల కాగితమే లేదు. ఆనాటినుంచి అమ్మే ప్రతి కెమెరానీ వేళ్ళతో చూడనిదే గడప దాటనివ్వను. కళ్ళు నమ్ముతాయి, వేళ్ళు నమ్మవు.

పక్కనున్న చిన్న తలుపు తోశాను, తెరుచుకుంది. మొదటి గాడి ఖాళీ. అందులోని కార్డుని రెప్ప ఆ పొద్దునే తీసేసుకుంది. వేలు ఇంకాస్త కిందికి జారింది, ఇంకో గాడి ఉంది, అందులో చివర్న గోటికి చిన్న అంచు తగిలింది. నొక్కితే ‘టిక్’మని బయటికొచ్చింది. కళ్ళు తెరిచాను. గోరంత నల్ల ముక్క. పెళ్ళిళ్ళకి ఒకటి పాడైనా ఇంకొకటుంటుందని ఈ కెమెరాలో రెండు కార్డులు వేస్తుంది, ఏ బొమ్మ తీసినా ఒకేసారి రెండింట్లోనూ పడుతుంది, కాపీ కాదు, రెండూ అసలువే, తనే చెప్పింది ఒకసారి, నేను అన్నం కలుపుతూ విన్నాను. ఆ పొద్దునా పెళ్ళినుంచే కదా వచ్చింది. నాలుగు రోజులు నిద్రలేని పిల్ల మరిచిపోయింది. మా ఇంటి తప్పే, నలభై ఏళ్ళ కిందటి మా తప్పే, అమ్మబోయే కెమెరాలో ఆ పదకొండు మందినీ పెట్టి అమ్మబోయింది. ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చెయ్యండి బామ్మగారూ.

పిన్నీసులు దాచుకునే పాత రీలు డబ్బాలో కార్డు వేసి, దాన్ని గుండీల డబ్బాలో అడుగుకి తోసి, పైన గుండీలు గుమ్మరించాను. మూడూ యాభై అయిదు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. మోటారుబండి ఉంది. దాని మీద మనిషి లేడు.

మెట్లు మా అంతస్తుకి పద్దెనిమిది, తొమ్మిదింటికి ఒక మలుపు. బూట్ల చప్పుడు తొందరేమీ లేదు. ఒక్కో మలుపులో ఆగుతోంది, వింటోంది, మళ్ళీ కదులుతోంది. నా చెయ్యి తలగడ పక్కకి పోయింది, ఎందుకు పోయిందో నేను చెప్పలేను, ఆయన చిన్న కెమెరా తీసుకుంది, మీట వెనక్కి తిప్పింది, కిటికీలో ముల్లు ముప్పై ఆరు మీదికి వచ్చింది. సాయంత్రం నాలుగు, మెట్ల కిటికీ వెలుతురు పక్కనుంచి, పాత రీలు కాబట్టి లెన్సు కన్ను రెండింతలు తెరవాలి. వేళ్ళు తెరిచాయి.

గంట మోగింది. జాలీకి అవతల పిల్లాడేం కాదు, నలభై ఏళ్ళవాడు, శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, హెల్మెట్టు చంకలో ఉంది. చిన్న కెమెరాని వెనక బల్ల మీద ఉంచి, పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకుని వెళ్ళాను.

‘బామ్మగారూ, పొద్దున ఫోన్ చేశానే.’

‘అయ్యో, రా నాయనా. ఈ తాళంచెవి ఎక్కడ పెట్టి చచ్చానో, ముసలి బుర్ర. అక్కడినుంచే చూడు, కాసేపట్లో దొరుకుతుందిలే.’ తాళంచెవి నా బొడ్లోనే దోపుకుని ఉంది, గుచ్చుకుంటోంది.

కెమెరా జాలీకి ఆనించాను. నిజంగా కొనేవాడి చెయ్యి అద్దం దగ్గరికి పోతుంది. వీడి వేళ్ళు జాలీ సందుల్లోంచి వచ్చి పక్కనున్న చిన్న తలుపు మీద తచ్చాడాయి.

‘లోపల కార్డుందా?’

‘కార్డు దేనికి నాయనా, పేకాటకా?’

నవ్వాడు, కళ్ళు నవ్వలేదు. ‘మనవరాలు ఇంకా కొట్లోనే ఉందా బామ్మగారూ?’

కొట్టుకి వెళ్ళిందని కూడా నేను చెప్పలేదు. మాట్లాడటంలో మాత్రం నేను ఎవరికి తీసిపోయాను. ‘వచ్చేస్తుంది. మా ఇంట్లో ఒక అలవాటుంది బాబూ, మా చేతి కెమెరా కొన్నవాళ్ళకి గుర్తుగా ఒక బొమ్మ తీసిస్తాం, ఊరికే. కాస్త కిటికీ వైపు తిరుగు.’ పెద్దది బల్ల మీద పెట్టి చిన్నది కంటికి ఎత్తాను. అబద్ధం కాదు, నిజంగానే ఆయన అలవాటు. యాభై ఏళ్ళలో దువ్వెన అడిగినవాళ్ళున్నారు, పౌడరు అడిగినవాళ్ళున్నారు, కెమెరా కొనడానికి వచ్చి వద్దన్నవాణ్ణి చూడలేదు.

‘ఫొటోలొద్దు’ అన్నాడు. చెయ్యి ముఖానికి లేస్తోంది, లేచేలోపు నా వేలు నొక్కింది.

ఆయన రీలు అయిపోయింది.

‘ఏయ్ ముసల్దానా, అది ఇలా తే.’ వేళ్ళు జాలీలోంచి మొదటి కణుపుదాకా లోపలికి వచ్చాయి, జాలీని ఊపాయి. ఇంతకుముందు ఒక కిటికీలో వేళ్ళు చూశాను, బొమ్మలో, అవి బయటికి రావాలని చూసి రాలేకపోయిన వేళ్ళు. ఇవి లోపలికి రావాలని చూస్తున్నాయి. ఈసారి తాళం లోపలివైపు ఉంది. వెనక్కి అడుగేసి కెమెరాని కడుపుకి అదుముకున్నాను. వాడు ఒక్క క్షణం నన్ను చూసి, ఇంకేమీ అనకుండా మెట్లు దిగాడు. ఒకటి, రెండు, మూడు, తొమ్మిది. పదో అడుగు వినపడలేదు. మలుపులో ఆగాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

‘అమ్మమ్మా, ఫోన్ చేతిసంచీ అడుగున ఉండిపోయింది, చూడలేదు. కంగారు పడ్డావా? కిందికి వచ్చేశాను, ఎక్కుతున్నా. కొత్తది ఎంత తేలికో తెలుసా, చొక్కా జేబులో పట్టేసింది!’

ఒక చెవిలో దాని గొంతు, ఇంకో చెవిలో మెట్ల అడుగున దాని చెప్పుల చప్పుడు. నడుమ మలుపులో నిశ్శబ్దం. వాడున్నాడే అంటే ఎవడు అంటుంది, ఆగవే అంటే ఏమైందంటూ ఇంకో నాలుగు మెట్లు ఎక్కుతుంది. జాలీకి ముఖం ఆనించి, ఛాతీలో ఉన్న గాలంతా పోగు చేసి, మెట్ల గోతిలోకి అరిచాను.

‘వెలుగు!’

చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండి ఉంటుంది. ఒక్క ఊపిరి. ఎందుకని అడగలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగింది, మెట్లు రెండేసి మూడేసి దూకుతూ. మలుపులో బూట్లు ఒక్కసారిగా లేచి దాని వెంట పడ్డాయి. మూడు కుప్పలు ఉన్న గదికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాను. స్టాండు లేదు, అరల సంచీ లేదు, మోచేయంత లెన్సు లేదు, పట్టి లాగడానికి మెడలో బెల్టు లేదు. ముందు తేలిక అడుగులు, వెనక బరువు అడుగులు, మెట్లు దాటి, గుమ్మం దాటి, వీధిలోకి. నా చీకటిగది వేళ్ళు జాలీ మీద బిగుసుకుని ఆ రెండింటికీ మధ్య ఎంతుందో తడుముతున్నాయి.

దూరం పెరుగుతోంది.